బోణి కట్టలు

మన్సూరాబాద్‌లో నేనుండే ఇంటి ముందుగదిలో ఆరేళ్ళుగా పొడులు ప్యాక్ చేస్తున్నాను. నువ్వుల పొడి, కందిపొడి, కరివేపాకు కారం, అవిసె గింజల కారం. అన్నీ పావుకిలో ప్యాకెట్లే. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏడు దుకాణాలకు, ఎల్బీనగర్‌లో నాలుగింటికి వెళ్తాయి. వారానికి ఐదు వందల కవర్లు పడతాయి. అంటే నూరేసి కవర్ల కట్టలు ఐదు. ఆ కట్టల గురించే ఇది రాస్తున్నాను. వాటి మూలంగా నేనొక మనిషికి చేసిన అన్యాయం గురించి కూడా.

మాది పోచంపల్లి దగ్గర చేనేత ఊరు. మా మామగారు చీరల మూట భుజాన వేసుకుని పట్నం బస్తీల్లో తిరిగి అమ్మినవారు. మా ఆయన దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న బట్టల దుకాణం పెట్టి ముప్పై ఒక్క సంవత్సరాలు నడిపారు. ఆ ఇంట్లో బోణికి ఒక మర్యాద ఉండేది. పొద్దున మొదట వచ్చినవారికి జాకెట్టు గుడ్డ కోస్తే నాలుగు వేళ్ళ గుడ్డ ఎక్కువ కోసేవారు. ఆ ఒక్క బేరంలో మాత్రం ఎవరినీ నష్టపెట్టకూడదు. కొన్నవారు కూడా బోణి సరుకును మళ్ళీ కొలవకూడదు, తూచకూడదు. అలా చేస్తే అమ్మినవాడి రోజంతా పాడవుతుందని మా అత్తగారు చెప్పేవారు. ఆమె పోయి ఎన్నో ఏళ్ళయినా, నేను కొనేదాన్ని అయినా, ఆ మాట నా చేతుల్లో ఉండిపోయింది. పొద్దున్నే మొదట కొన్న కూరగాయల్ని ఇంటికి తెచ్చి తూచి చూసిన రోజు నా జీవితంలో లేదు. మిగతావన్నీ తూస్తాను. గ్యాస్ సిలిండర్ కూడా తూకం వేయిస్తాను.

కవర్లు కొనే దుకాణం దిల్‌సుఖ్‌నగర్‌లో బస్ డిపో అవతలి సందులో ఉంది. కవర్లు, టేపులు, అట్టపెట్టెలు, మిఠాయి డబ్బాలు, సుతిలి దారం, అన్నీ అమ్ముతాడు. యాభై ఏళ్ళ మనిషి, మెత్తగా మాట్లాడతాడు. ప్రతి సోమవారం నేను మెట్రోలో రద్దీ పెరగకముందే దిగి, అతను షట్టరు ఎత్తేసరికి అక్కడ ఉండేదాన్ని. ఒకసారి నేను కొన్న రోజున సాయంత్రానికి సరుకంతా ఖాళీ అయిందట. అప్పటి నుంచి, “అమ్మా, బోణి మీ చేతితోనే కావాలె. మీ చెయ్యి మంచిది,” అనేవాడు. స్టూలు వేసి, చాయ్ తెప్పించి, నా కోసం ఐదు కట్టలు ముందే పక్కన పెట్టి ఉంచేవాడు. నాకది బాగుండేది. ఎవరైనా ఎందుకంత పొద్దున్నే పోతావని అడిగితే, “బోణికి నేను పోకపోతే ఆయన ఊరుకోడు,” అని చెప్పుకునేదాన్ని. ఎన్నిసార్లు చెప్పుకున్నానో ఆ లెక్క మాత్రం నా దగ్గర లేదు.

మొదటి ఐదేళ్ళు పొడులు నేనే ప్యాక్ చేశాను. పప్పులు, మిరపకాయలు, నూనె, కరెంటు, ఆటో, అన్నిటికీ పేజీలు ఉండేవి. కవర్లకు పేజీ లేదు. తెచ్చేదీ నేనే, వాడేదీ నేనే, నాకు నేను లెక్క చెప్పుకోవడమేమిటని. కవర్లు అయిపోతే తెచ్చుకునేదాన్ని. నిరుడు జూన్‌లో మోకాళ్ళ నొప్పి ఎక్కువై ఒక మనిషిని పెట్టుకున్నాను. ఆ రోజే కవర్లకు ఒక పేజీ మొదలుపెట్టాను. ఇచ్చినవి ఎన్ని, ప్యాకెట్లయినవి ఎన్ని, సీలింగ్ మిషన్‌లో కాలిపోయినవి ఎన్ని. వేరే మనిషి చెయ్యి పడగానే నాకు ఆ పేజీ అవసరమనిపించింది. ఆ సంగతి అప్పుడు నేను గమనించలేదు.

ఆమెది నల్గొండ జిల్లాలో ఒక పల్లె. నలభై ఐదేళ్ళుంటాయి. భర్త లారీ మీద పోతాడు. అల్మాస్‌గూడలో కిరాయికి ఉంటుంది. పొద్దున తొమ్మిదిన్నరకు వచ్చి రెండింటికి పోయేది. మిగతా పొద్దంతా ఇంట్లో మిఠాయి డబ్బాలు మడిచేది. ఆ పని ఎట్లా జరుగుతుందంటే, మిఠాయి దుకాణాలకు డబ్బాలు సరఫరా చేసే మేస్త్రీ ఒకడు కోసిన అట్టలు కట్టలుగా తెచ్చి వాళ్ళ గల్లీలో ఒక ఇంట్లో దించుతాడు. ఆ ఇంటామె పదకొండు మంది ఆడవాళ్ళకు వాటిని పంచి, మడిచిన డబ్బాలు లెక్క చూసి తీసుకుని, మేస్త్రీకి అప్పజెప్పాలి. నాలుగేళ్ళుగా ఆ ఇల్లు ఈమెదే. దానికి కూలీ ఎక్కువేం రాదు. కానీ గల్లీలో ఎవరి ఇంట్లో సరుకు దించుతారో ఆ మనిషి మాటకు విలువ. ఈ సంగతి ఆమె నా దగ్గర పనిలో చేరిన మొదటి రోజే చెప్పింది. కాస్త గర్వంగానే చెప్పింది.

చెయ్యి శుభ్రం, పని శుభ్రం. పొడి ఒక చెంచా కింద పడేది కాదు. కాలిపోయిన కవర్లను పారెయ్యకుండా రబ్బరు వేసి నా ముందు పెట్టేది. కానీ మొదటి వారమే కవర్లలో ముప్పై తొమ్మిది తేడా వచ్చింది. ఐదు వందలిచ్చాను. ప్యాకెట్లు నాలుగు వందల యాభై రెండు, కాలినవి తొమ్మిది. మిగిలినవి ఎక్కడున్నాయని అడిగితే, ఇచ్చినవన్నీ వాడాననే చెప్పింది. రెండో వారం నలభై ఒకటి. తర్వాత ముప్పై ఆరు, నలభై, ముప్పై ఎనిమిది, నలభై రెండు. ఆరు వారాల్లో రెండు వందల ముప్పై ఆరు కవర్లు. నేను కూడిక రెండుసార్లు చేస్తాను, కింది నుంచి పైకి ఒకసారి, పై నుంచి కిందికి ఒకసారి. రెండుసార్లూ అదే వచ్చింది.

కవర్లు ఏమంత విలువైనవి కావు. కానీ నా మనసులో అవి కవర్లుగా ఉండలేదు. ఆమె ఆడపడుచుకు అల్మాస్‌గూడలో కిరాణా కొట్టు ఉందని తెలుసు. పప్పులు విడిగా కట్టడానికి పట్టుకెళ్తోందనుకున్నాను. ఇవాళ కవరు, రేపు పొడి అనుకున్నాను. తలుపు దగ్గర ఆమె సంచి వైపు చూడటం మొదలుపెట్టాను.

ఆరో వారం, శనివారం. గేటు దగ్గరికి కూరగాయల బండి వచ్చి ఉంది. కాలనీ ఆడవాళ్ళు నలుగురు ఉన్నారు. వాళ్ళలో ఈమెను నాకు పనికి కుదిర్చిన ఎదురింటావిడ కూడా ఉంది. ఈమె పని ముగించి బయటికి వస్తుంటే నేను నోటుబుక్కు పట్టుకుని వెనకాలే వచ్చాను. లోపలే అడగవచ్చు. గేటు దాకా ఎందుకు వచ్చానో నాకిప్పటికీ సరైన జవాబు లేదు. సాక్షులుంటే మంచిదనుకున్నానేమో. అంకెలు చదివాను. ఆమె మొదట అర్థం కానట్టు చూసింది. తర్వాత సంచి తీసి నేల మీద బోర్లించింది. టిఫిన్ డబ్బా, దువ్వెన, మందుగోళీల అట్ట పడ్డాయి.

“నేను తియ్యలే పెద్దమ్మా. కట్టలల్లనే తక్కువున్నయి. మొన్న నేనొకటి లెక్కవెట్టిన. తొంభై రెండే ఉన్నయి.”

“ఇప్పిన కట్టకు లెక్కేముంటది బిడ్డా?”

“మరి ఇప్పనిది మీరే లెక్కవెట్టున్రి. ఒక్కటే.”

అలమారాలో అప్పుడు విప్పని కట్టలు మూడున్నాయి. పది అడుగుల దూరం. నేను ఇలా అన్నాను, “అవి నేను బోణిల తెచ్చినవి. వాటికి లెక్క అక్కర్లేదు.”

ఆమె కింద పడినవన్నీ సంచిలో పెట్టుకుంది. ఆ వారం కూలీ ఇస్తే తీసుకుని, అక్కడే నిలబడి లెక్క చూసుకుని వెళ్ళిపోయింది.

తర్వాత మూడు నెలలు మళ్ళీ నేనే ప్యాక్ చేసుకున్నాను. కవర్ల పేజీ రాయలేదు. దసరా దాటాక మోకాళ్ళు అసలే లేవనియ్యకపోతే ఇంకొకామెను పెట్టుకున్నాను. గుంటూరు వైపు నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో స్థిరపడినవాళ్ళు. మళ్ళీ పేజీ మొదలైంది. మొదటి వారం నలభై తేడా. నేనేమీ అనలేదు. రెండో వారం ఆరు రోజులూ ఆమె ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఆమె అది కనిపెట్టి, “నా మొహంలో ఏవన్నా సినిమా కనబడుతోందాండీ పిన్నిగారూ?” అని నవ్వింది. ఆ వారం ముప్పై ఏడు తేడా వచ్చింది. ఆమె కవరు ముట్టుకున్నప్పుడల్లా నేను చూస్తూనే ఉన్నాను.

సోమవారం దవాఖానలో మోకాలికి సూది వేయించుకోవాల్సి ఉండి, దుకాణానికి పోయేసరికి పన్నెండు దాటింది. జనం బాగా ఉన్నారు. నా ముందు ఒక మిఠాయి దుకాణపు ఆసామి నిలబడి ప్రతి కట్టా విప్పించి లెక్కపెట్టిస్తున్నాడు. దుకాణదారు కిక్కురుమనకుండా లెక్కపెడుతున్నాడు. అవి లోపలి అరలోంచి తీసిన కట్టలు. నాకూ ఆ అరలోంచే ఐదు ఇచ్చి పంపాడు. మొహంలో మాత్రం ఎప్పుడూ ఉండే చనువు లేదు. “పొద్దున రాలేదేందమ్మా?” అని రెండుసార్లు అడిగాడు.

ఆ కట్టలు వాడిన వారం తేడా లేదు. నాలుగు వందల తొంభై ప్యాకెట్లు, పది కాలినవి. మొత్తం ఐదు వందలు. ఆ తర్వాత అలమారా తెరిచాను. వానలప్పుడు ముందుజాగ్రత్తగా తెచ్చిపెట్టిన బోణి కట్టలు ఐదు అందులో ఉన్నాయి. మంచం మీద దుప్పటి పరిచి, మా అత్తగారు చెప్పినదాన్ని మొదటిసారి దాటాను. తొంభై రెండు. తొంభై మూడు. తొంభై ఒకటి. తొంభై రెండు. తొంభై మూడు. ఐదు కట్టల్లో ముప్పై తొమ్మిది తక్కువ. నల్గొండామె మొదటి వారం తేడా కూడా సరిగ్గా అంతే.

కట్ట నోరు మూసే అట్టముక్కకు స్టేపుల్ పిన్ను కొడతారు. మధ్యాహ్నం తెచ్చిన వాటికి పిన్ను రంధ్రాలు రెండే ఉన్నాయి. బోణి కట్టలకు నాలుగున్నాయి. అంటే ఒకసారి విప్పి మళ్ళీ కొట్టినవి. తీసిన ఏడెనిమిది కవర్లను పోగుచేసి కొత్త కట్టలు చేసి అమ్ముతాడన్నమాట. అరవై ఎనిమిదేళ్ళు వచ్చిన దాన్ని, దారపు పోగు తేడా వేలితో పట్టుకునే ఇంట్లో పుట్టినదాన్ని, ఆ రంధ్రాలు ఒక్కసారి కూడా చూడలేదు. పేజీ మొదట నేను ప్రతివారం వేసిన ఐదు వందలు నేను లెక్కపెట్టినవి కావు. అట్టముక్క మీద అచ్చేసి ఉన్నవి. దాని కింద చేసిన తీసివేతలన్నీ సరైనవే.

మూసారాంబాగ్‌లో పచ్చళ్ళు అమ్మే పాత స్నేహితురాలికి ఫోన్ చేసి చెప్తే ఆమె ఆశ్చర్యపోలేదు. ఈ బజారులో ఇదేం కొత్త కాదంది. టేపు చుట్ట లోపలి అట్ట గొట్టం మందంగా పెట్టి, చుట్ట చూడటానికి పెద్దదిగా చేసి, టేపు పది మీటర్లు తక్కువ చుడతారట. పాత అట్టలు తూకానికి అమ్మేటప్పుడు రాత్రంతా తడిపి ఉంచుతారట. పెట్టెల కట్టలో పైనా కిందా రెండు గట్టివి, మధ్యలోవన్నీ పల్చనివి. ఒకసారి ఆమె పంపిన జాడీలు, పెట్టె అడుగు ఊడి దారిలోనే పగిలాయట. “నువ్వు కొనే కవరు మందం ఎంతనో ఎప్పుడన్నా చూసినవా?” అని అడిగింది. చూడలేదని చెప్పాను. పొడిని గ్రాముతో సహా తూచేదాన్ని, అది పోసే కవరును ఎన్నడూ చూడలేదు.

సోమవారం షట్టరు ఎత్తే వేళకే పోయాను. అతను స్టూలు వేశాడు. నేను కూర్చుని, అతను పక్కన పెట్టిన ఐదు కట్టల్లోంచి ఒకటి తీసి, విప్పి లెక్కపెట్టమన్నాను. అతని చేతులు ఆగిపోయాయి.

“బోణి పూట ఏందమ్మా ఇది. మిషిన్ లెక్క. కంపెనీకెల్లి అట్లనే ఒస్తది.”

నేను రంధ్రాలు చూపించాను. మధ్యాహ్నం తెచ్చిన కట్ట అట్టముక్కను పక్కన పెట్టాను. అతను రెండింటినీ చూశాడు. చాయ్ తెమ్మని ఎవరికో సైగ చెయ్యబోయి మానుకున్నాడు. ఇంకో రెండు కట్టలు ఊరికే తీసుకుపొమ్మన్నాడు. నేను ముట్టుకోలేదు. నాకే ఎందుకిచ్చావని అడిగాను. నన్ను చూడకుండా దారపు ఉండలు సర్దుతూ చెప్పాడు.

“లెక్కవెట్టేటోళ్ళకు ఇయ్యనమ్మా. మీరు బోణిల లెక్కవెట్టరని నాకెరుకే. మీరే చెప్పిన్రు గద, మీ ఇంట్ల గా పద్ధతి లేదని.”

నిజమే. నేనే చెప్పాను. మా మామగారి కాలం నుంచి వచ్చిన మర్యాద అని, స్టూలు మీద కూర్చుని, అతని చాయ్ తాగుతూ, పొంగిపోతూ చెప్పాను. నా వెనక అప్పుడే ఇద్దరు కొనడానికి వచ్చారు. అతను గొంతు తగ్గించి, ఇక్కడితో వదిలేయమన్నాడు. నేను గొంతు తగ్గించకుండా ఆ ఇద్దరికీ కట్టలు లెక్కపెట్టుకోమని చెప్పి దిగి వచ్చాను. తూనికలు కొలతల ఆఫీసులో కాగితం కూడా రాసిచ్చాను. దాని మీద ఇంతవరకు ఏమీ జరగలేదు. అతని దుకాణం నడుస్తూనే ఉంది.

ఆ రోజే మధ్యాహ్నం అల్మాస్‌గూడ పోయాను. ఎదురింటావిడను అడిగి నల్గొండామె ఇల్లు తెలుసుకున్నాను. ఎదురింటావిడ దారి చెప్తూ, ఇంకో సంగతి కూడా చెప్పింది. నేను గేటు దగ్గర అన్న మాట పది రోజుల్లో ఆ గల్లీకి చేరిందట. మేస్త్రీ వచ్చి, మాట వచ్చిన ఇంట్లో సరుకు పెట్టలేనని, అట్టల కట్టలన్నీ ఎత్తి నాలుగిళ్ళ అవతల దించాడట. ఇప్పుడామె అందరితోపాటు వరుసలో కూర్చుని తన వంతు తెచ్చుకుంటుందట. “నీకు చెప్దామనే అనుకున్న. చెప్పి ఏం లాభమనుకున్న,” అంది.

నేను పోయేసరికి ఆమె గడపలో కూర్చుని డబ్బాలు మడుస్తోంది. నన్ను చూసి లేచి కుర్చీ తెచ్చి వేసింది, నీళ్ళిచ్చింది. నేను కూర్చోకుండానే చెప్పాను. కట్టల సంగతి, రంధ్రాల సంగతి, ముప్పై తొమ్మిది సంగతి. ఆ ఆరు వారాలకు పరిహారంగా కొంత డబ్బు కవరులో పెట్టి తెచ్చాను, అది కూడా చాచాను. ఆమె మళ్ళీ కూర్చుని అట్ట చేతిలోకి తీసుకుంది.

“గిది నాకు ముందుగాల్నే ఎరుక పెద్దమ్మా. మీరు నాకెందుకు చెప్తున్నరు?”

ఆమె ఒక డబ్బా ముగించి పక్కన పెట్టింది.

“మీరు నలుగుట్ల అన్నరు. నన్నొక్కదాన్నే జూసి గిట్ల చెవుల చెప్పిపోతే ఎట్ల? పైసలు నాకొద్దు. గురువారం పొద్దుగాల మేస్త్రీ ఒస్తడు. అందరుంటరు. గప్పుడొచ్చి చెప్పున్రి.”

గురువారం ఎనిమిదింటికి పోయాను. నాలుగిళ్ళ అవతల ఆ ఇంటి వాకిట్లో పదకొండు మందీ చేరారు. మేస్త్రీ ట్రాలీ ఆటోలోంచి కట్టలు దించుతున్నాడు. ముప్పై ఏళ్ళుంటాయి. నేను నోటుబుక్కు తెరవలేదు. నా పేరు, నా ఇల్లు చెప్పి, ఈమె మీద దొంగతనం మోపింది నేనేనని, ఆమె ఒక్క కవరు కూడా తియ్యలేదని, కవర్లు అమ్మినవాడే కట్టకు ఏడెనిమిది తక్కువ ఇచ్చాడని, ఆమె లెక్కపెట్టమని అడిగినా నేను లెక్కపెట్టలేదని చెప్పాను. ఆ గుంపులో అందరికన్నా పెద్దావిడ అడిగింది.

“మరి గప్పుడెందుకు లెక్కవెట్టలే?”

బోణి సంగతి చెప్పాను. నా చెయ్యి మంచిదని అతను పొగిడేవాడని కూడా చెప్పాను. వెనక ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. “మంచి చెయ్యే,” అంది ఇంకొకామె. నేను ఆ మాట పడ్డాను. పడాల్సిందే.

మేస్త్రీ తల గోక్కుని, ఇప్పుడైతే సరుకు దించేశానని, మళ్ళీ ఎత్తడం కష్టమని, చూద్దామని అన్నాడు. పెద్దావిడ అతన్ని గట్టిగానే అడిగింది, ఒక్క మాట విని ఎత్తినప్పుడు కష్టం కాలేదా అని. ఆడవాళ్ళు వాళ్ళ వాళ్ళ కట్టలు తీసుకుని పోయారు. ఆమె కూడా తన వంతు నెత్తిన పెట్టుకుంది. నేను పక్కనే నడిచాను. పనిలోకి మళ్ళీ రమ్మని అడిగాను. గుంటూరామె ఉండగానే ఇద్దరికీ పని చాలుతుందన్నాను.

“రాను పెద్దమ్మా. కోపం గాదు. మీ దగ్గర కూసుంటే నా చేతులు నేనే చూసుకుంట. గట్లయితే పని సాగదు.”

ఆటో దాకా వచ్చింది. మన్సూరాబాద్‌కు ఎంతడుగుతున్నావని ఆటో అబ్బాయితో ఆమే బేరమాడి, నన్ను ఎక్కించి, నెత్తి మీది కట్ట సర్దుకుని వెనక్కి తిరిగింది.

ఇప్పుడు కవర్లు ఎల్బీనగర్‌లో ఒక చోట కొంటున్నాను. ఏ వేళ పోయినా కట్టలు అక్కడే విప్పించి లెక్కపెట్టిస్తాను. ఆ దుకాణమామె మొదటిసారి మొహం మాడ్చుకుంది. తర్వాత నన్ను చూడగానే తనే విప్పడం మొదలుపెట్టింది. సోమవారం పొద్దున తొందరగా బయల్దేరడం మానేశాను. గుంటూరామెకు కూడా జరిగిందంతా చెప్పి, ఎదురుగా కూర్చున్న వారానికి క్షమాపణ అడిగాను. ఆమె దాన్ని తేలిగ్గానే తీసుకుంది. ఆమెను నేను ఎవరి ముందూ అనలేదు కాబట్టి తీసుకోగలిగింది.

సంక్రాంతి వెళ్ళాక రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఆమే. గొంతు వెనక ట్రాలీ ఆటో ఇంజను చప్పుడు, ఎవరివో మాటలు వినిపిస్తున్నాయి.

“పెద్దమ్మా, కట్టలు మళ్ళ మా ఇంట్లనే దించుతున్నరు.”

అంత మాత్రమే చెప్పింది. సంతోషం బిడ్డా అనబోయాను. ఆమె అప్పటికే ఎవరితోనో, కట్టలు గోడకు దగ్గరగా పెట్టమని, తడి తగలొద్దని చెబుతోంది. ఫోన్ పెట్టేసింది.